విదేశంలో మనిషి ఆచూకీ తెలియకపోతే: ఊరి స్టేషన్ నుంచి ఎల్లో నోటీస్ దాకా

దుబాయ్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న మనిషి ఫోను నాలుగు రోజులుగా స్విచ్చాఫ్ వస్తుంటే, చుట్టాల్లో ఎవరో ఒకరు ‘ఇంటర్‌పోల్‌కి రాస్తే పట్టుకుంటారు’ అంటారు. ఆ మాట నమ్మి ఢిల్లీకి, ఫ్రాన్స్‌కి మెయిళ్లు పెడుతూ కూర్చుంటే విలువైన వారం గడిచిపోతుంది. ఇంటర్‌పోల్ కుటుంబాల దగ్గర నేరుగా ఫిర్యాదు తీసుకోదు. అక్కడికి వెళ్లే దారి మీ ఊరి పోలీస్ స్టేషన్లో మొదలవుతుంది. ఆ దారిలో కాగితం ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో ముందే తెలిస్తే చాలా రోజులు కలిసొస్తాయి.

ఎల్లో నోటీస్ చేసే పని

ఇంటర్‌పోల్‌లో 196 దేశాలు సభ్యులు. ప్రధాన కార్యాలయం ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో ఉంది. ప్రతి దేశంలోనూ ఒక జాతీయ కేంద్ర బ్యూరో ఉంటుంది, పోలీసులు దాన్ని ఎన్‌సీబీ అంటారు. మన దేశంలో ఆ పని ఢిల్లీలోని సీబీఐది. ఒక దేశపు ఎన్‌సీబీ అడిగితే, లియోన్‌లోని సచివాలయం ఆ వివరాలు నియమాలకు సరిపోతున్నాయో లేదో చూసి నోటీస్ వేస్తుంది. ఐ-24/7 అనే పోలీసు నెట్‌వర్క్ మీదుగా అది అన్ని దేశాలకూ చేరుతుంది. రెడ్ నోటీస్ పరారీలో ఉన్న నేరస్తుల కోసం, బ్లాక్ నోటీస్ గుర్తుతెలియని మృతదేహాల కోసం. తప్పిపోయినవాళ్ల కోసం వేసేది ఎల్లో. మతిస్థిమితం లేకో, స్పృహ లేకో తన పేరు తాను చెప్పుకోలేని మనిషి ఎవరో తేల్చడానికి కూడా ఇదే వాడతారు.

నోటీస్ పడగానే లియోన్ నుంచి పోలీసులు బయల్దేరి వీధివీధీ గాలిస్తారని ఆశపడొద్దు. అలాంటి బలగం ఇంటర్‌పోల్‌కి లేదు. మీ మనిషి ఏదో ఒక చోట పోలీసులకో ఇమిగ్రేషన్‌కో ఎదురుపడాలి. ఎయిర్‌పోర్టు కౌంటర్ కావచ్చు, పేరు తెలియని పేషెంటుగా చేరిన ఆస్పత్రి కావచ్చు, పత్రాల తనిఖీ కావచ్చు. అక్కడి అధికారి సిస్టంలో చూసినప్పుడు పేరు, పుట్టినతేదీ, పాస్‌పోర్టు నంబరు, ఫొటో, వేలిముద్ర, వీటిలో ఏదో ఒకటి నోటీస్‌తో కలవాలి. కలవకపోతే మనిషి ఆ కౌంటర్ దాటి వెళ్లిపోతాడు, ఎవరికీ తెలియదు. అందుకే ఈ పని మొత్తంలో కుటుంబం చేతిలో ఉన్న అతి పెద్ద భాగం వివరాలు సరిగ్గా ఇవ్వడం.

ఇంకో సంగతి. మనిషి చివరిసారి ఏ దేశంలో ఉన్నాడో కచ్చితంగా తెలిస్తే, నోటీస్ పడేదాకా ఆగక్కర్లేదు. మన ఎన్‌సీబీ ఆ దేశపు ఎన్‌సీబీకి నేరుగా సందేశం పంపొచ్చు. ఎంపిక చేసిన కొన్ని దేశాలకు ఒకేసారి పంపితే దాన్ని డిఫ్యూజన్ అంటారు. నోటీస్ కన్నా ఇది త్వరగా కదులుతుంది. దర్యాప్తు అధికారిని అడిగేటప్పుడు రెండూ అడగండి: ముందు ఆ దేశానికి సందేశం, వెంట ఎల్లో నోటీస్.

ముందు అక్కడ ఫిర్యాదు పడాలి

మనిషి కనబడకుండా పోయిన చోట స్థానిక పోలీసులు కేసు రాసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. సీసీ కెమెరా ఫుటేజీ, టవర్ వివరాలు, ఆస్పత్రి రికార్డులు వాళ్ల చేతిలోనే ఉంటాయి. ఫుటేజీ చాలా చోట్ల కొన్నాళ్లకే చెరిగిపోతుంది. రూమ్మేటో, తోటి ఉద్యోగో వెళ్లి ఫిర్యాదు ఇచ్చేలా చూడండి, కేసు నంబరు తీసుకోమనండి. ఆ నంబరు తర్వాత ప్రతి కాగితంలోనూ కావాలి.

అమెరికాలో ఫిర్యాదుకి 24 గంటలు ఆగాలన్న నియమం లేదు. ఇండియా నుంచి 911కి ఫోన్ కలవదు. ఆ ఊరి పోలీసుల మామూలు నంబరు వెతికి చేయాలి, ముందు ‘వెల్‌ఫేర్ చెక్’ అడగాలి. అంటే గదికి వెళ్లి మనిషి క్షేమంగా ఉన్నాడో లేదో చూసి రమ్మనడం. తప్పిపోయిన వ్యక్తికి 21 ఏళ్లు నిండకపోతే, ఫిర్యాదు అందిన రెండు గంటల్లో ఎన్‌సీఐసీ అనే జాతీయ డేటాబేస్‌లో ఎక్కించాలని అక్కడి ఫెడరల్ చట్టం చెబుతోంది. స్టూడెంట్ల విషయంలో ఈ మాట గట్టిగా అడగండి. ఎన్‌సీఐసీలో నమోదు చేసిన రుజువు మీకివ్వరు, కానీ ఎక్కించారా అని అడిగితే చెబుతారు. యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకి కూడా రాయండి. ‘ప్రైవసీ చట్టం వల్ల చెప్పలేం’ అంటే, ప్రాణాపాయం ఉన్నప్పుడు వివరాలు ఇవ్వడానికి ఫెర్పా చట్టంలోనే మినహాయింపు ఉందని గుర్తుచేయండి. నామస్ అనే అమెరికా డేటాబేస్‌లో కుటుంబమే సొంతంగా కేసు నమోదు చేయొచ్చు. పోలీసులతో సరిచూసుకున్నాకే అది బయటికి కనిపిస్తుంది.

గల్ఫ్‌లో పరిస్థితి వేరు. కంపెనీ వాళ్లు ‘పారిపోయాడు’ అని రాసేస్తారు. సౌదీలో దాన్ని హురూబ్ అంటారు. మన నిజామాబాద్, జగిత్యాల, కడప వైపు మనుషులు ‘ఖల్లివెల్లి అయ్యాడు’ అంటారు. ఆ ముద్ర పడ్డాక పోలీసులు దాన్ని తప్పిపోయిన కేసుగా చూడరు, వీసా ఉల్లంఘనగా చూస్తారు. కాబట్టి ఎంబసీకి రాసేటప్పుడు నాలుగు చోట్ల వెతికించమని విడివిడిగా అడగండి: జైళ్లు, డిపోర్టేషన్ కేంద్రాలు, ప్రభుత్వ ఆస్పత్రులు, మార్చురీలు. జైల్లో ఉంటే ఎంబసీకి ఎప్పుడో తెలిసి ఉంటుందనుకోవడం పొరపాటు. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణం ప్రకారం, అరెస్టయిన మనిషి కోరితేనే అతని దేశపు కాన్సులేట్‌కి చెప్పాలి. భయపడో, భాష రాకో అతను అడగకపోతే ఎంబసీకి కబురు రాకపోవచ్చు.

విదేశాంగ శాఖకి మదద్ అనే పోర్టల్ ఉంది. అందులో ఫిర్యాదు పెడితే నంబరు వస్తుంది, అది సంబంధిత ఎంబసీకి చేరుతుంది. తెలంగాణ వాళ్లు సాధారణ పరిపాలన శాఖలోని ఎన్‌ఆర్‌ఐ విభాగానికి, ఆంధ్ర వాళ్లు ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీకి కూడా రాయొచ్చు. ఏజెంటు ద్వారా వెళ్లిన కూలీ అయితే హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసులో ఆ ఏజెంటు వివరాలు ఉన్నాయేమో చూడమనండి.

ఇక్కడి స్టేషన్లో

అక్కడ కేసు పడినా ఇక్కడ కూడా పడాలి. సీబీఐకి వెళ్లే అభ్యర్థన ఇక్కడి ఎఫ్‌ఐఆర్ మీదే నిలబడుతుంది. ‘అది దుబాయ్‌లో జరిగింది, మా పరిధి కాదు’ అన్న జవాబు రావచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం, కాగ్నిజబుల్ నేరం, అంటే పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగలిగే నేరం జరిగిందని చెబితే పరిధితో పనిలేకుండా సమాచారం రాసుకోవాలి. అందుకే ఫిర్యాదులో ఒట్టి ‘కనబడటం లేదు’ అని కాకుండా, నిజంగా ఉన్న అనుమానాలు రాయండి: పాస్‌పోర్టు లాక్కున్నారు, జీతం అడిగితే బెదిరించారు, ఏజెంటు ఇంత డబ్బు తీసుకుని చెప్పిన ఉద్యోగం ఇవ్వలేదు. లేని అనుమానం మాత్రం రాయకండి, దర్యాప్తు తప్పుదారి పడుతుంది. స్టేషన్లో తీసుకోకపోతే అదే సెక్షన్ ప్రకారం ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, ఆ తర్వాత మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.

మనిషి నిజంగా దేశం దాటాడో లేదో పోలీసులు ఇమిగ్రేషన్ బ్యూరోని అడిగి తేల్చుకుంటారు. ఇది మొదటి వారంలోనే చేయించాలి. చేయకపోతే పై ఆఫీసు నుంచి ఫైలు ఇదే ప్రశ్నతో తిరిగొస్తుంది.

ఫైల్లో ఏముండాలి

ఎక్కువ కేసులు పేరు దగ్గరే దెబ్బతింటాయి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, పాస్‌పోర్టులో సర్‌నేమ్, గివెన్ నేమ్ వేరు వేరు గడుల్లో ఉంటాయి. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు మన దగ్గర కొల్లలు. అలాంటి పాస్‌పోర్టు మీద అమెరికా వీసా ఇస్తే మొత్తం పేరు సర్‌నేమ్‌లోకి వెళ్లి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. అక్కడి యూనివర్సిటీలో, బ్యాంకులో, లైసెన్సులో అతని మొదటి పేరు ఎఫ్‌ఎన్‌యూయే. గల్ఫ్‌లో ఇంకో చిక్కు ఉంది. అరబీ లిపిలో ‘ప’ అక్షరం లేదు, దాని బదులు ‘బ’ రాస్తారు. ప్రసాద్ అక్కడి ఆస్పత్రి రికార్డులో బ్రసాద్ అవుతాడు. అరబీలో రాసింది మళ్లీ ఇంగ్లిష్‌లోకి తెచ్చినప్పుడు అచ్చులు కూడా మారతాయి.

కాబట్టి ఒక తెల్లకాగితం మీద పేరు అన్ని రూపాల్లో రాయండి. పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు మొదటి వరస. తర్వాత వీసాలో ఉన్నది, ఇఖామా (సౌదీ నివాస కార్డు) లేదా ఎమిరేట్స్ ఐడీ (యూఏఈ గుర్తింపు కార్డు)లో ఉన్నది, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నది, పెళ్లికి ముందు పేరు, పిలుపు పేరు, తండ్రి పేరు. పుట్టినతేదీ కూడా అంతే. బడిలో వేసిన తేదీ ఒకటి, అసలు తేదీ ఇంకోటి అయితే, పాస్‌పోర్టులోది ముందు రాసి రెండోది పక్కన పెట్టండి. పాస్‌పోర్టు రెన్యువల్ అయి ఉంటే పాత నంబరు, కొత్త నంబరు రెండూ ఇవ్వండి, వీసా ఇంకా పాత పుస్తకంలోనే ఉండొచ్చు.

పాస్‌పోర్టు గురించి ఒక హెచ్చరిక. మనిషితో పాటు పాస్‌పోర్టు కూడా లేదని, ‘పాస్‌పోర్టు పోయింది’ అని విడిగా ఫిర్యాదు రాయించకండి. పోయిన, దొంగిలించిన పత్రాల ఇంటర్‌పోల్ డేటాబేస్‌లోకి ఆ నంబరు ఎక్కితే, అది పనికిరాని పుస్తకం అవుతుంది. మనిషి తనంతట తాను ఇంటికి బయల్దేరినా కౌంటర్ దగ్గర ఆపేస్తారు.

ఫొటోలు మూడు చాలు, కానీ సరైనవి. గత ఏడాదిలో తీసినది, ముఖం నేరుగా కెమెరా వైపు, కళ్లజోడు, టోపీ లేకుండా ఒకటి. పక్క నుంచి ఒకటి. నిలువెత్తుది ఒకటి. పెళ్లి ఆల్బం ఫొటో, ఫిల్టర్ పెట్టిన సెల్ఫీ వద్దు. వాట్సాప్‌లో పంపిన ఫొటో నలిగిపోతుంది, అసలు ఫైలు మెయిల్‌లో పంపండి.

ఆనవాళ్లు రాసేటప్పుడు ‘చామనచాయ, పొడుగ్గా ఉంటాడు’ అంటే ఎవరికీ పనికిరాదు. ఇలా రాయాలి: ‘ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు సుమారు 68 కిలోలు. ఎడమ కనుబొమ పైన సెంటీమీటరు పొడవున పాత దెబ్బ మచ్చ. కుడి ముంజేతి లోపలి వైపు తెలుగు అక్షరాల్లో అమ్మ అని పచ్చబొట్టు. పై వరసలో ముందు పన్నుకి క్యాప్. కుడి మోకాలి కింద ఆపరేషన్ చేసి స్టీల్ ప్లేటు వేశారు.’ మచ్చలు గుర్తురాకపోతే పదో తరగతి మెమో తీయండి, రెండు పుట్టుమచ్చలు అందులో రాసే ఉంటాయి. ఎముకల్లో ప్లేటు వేసి ఉంటే డిశ్చార్జ్ సమ్మరీకి అంటించిన స్టిక్కర్ వెతకండి, దాని మీద తయారీ నంబరు ఉంటుంది. పంటి డాక్టర్ తీసిన ఎక్స్‌రే ఉంటే బంగారంతో సమానం.

పచ్చబొట్టు విలువ ఎంతో తెలియాలంటే బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ కేసు చూడండి. 1992లో అక్కడ నదిలో ఒక మహిళ మృతదేహం దొరికింది. ఎవరో తెలియలేదు. చేతి మీద నల్ల పువ్వు, ఆకుపచ్చ ఆకులు, కింద అక్షరాలు ఉన్న పచ్చబొట్టే ముఖ్యమైన ఆధారం. 2023లో బెల్జియం, నెదర్లాండ్స్, జర్మనీ పోలీసులు ఇంటర్‌పోల్‌తో కలిసి ఇలాంటి 22 మంది మహిళల బ్లాక్ నోటీసుల్లోని కొన్ని వివరాలు జనానికి చూపించారు. బ్రిటన్‌లో ఉన్న ఆమె బంధువులు ఆ పచ్చబొట్టు వార్తల్లో చూసి గుర్తుపట్టారు, 31 ఏళ్ల తర్వాత. కుటుంబం ఇచ్చే చిన్న ఆనవాలు ఫైల్లో ఉండటం ఎంత అవసరమో అక్కడ కనిపిస్తుంది.

వేలిముద్రల కోసం ఆధార్ మీద ఆశ పెట్టుకోకండి. ఆధార్ చట్టం 29వ సెక్షన్ ప్రకారం ఆ బయోమెట్రిక్స్ ఏ కారణంగానూ ఎవరికీ ఇవ్వకూడదు. వీసా కోసం ఇచ్చిన వేలిముద్రలు ఆ దేశం దగ్గరే ఉంటాయి, వాటితో పోల్చమని సందేశంలో అడిగించాలి. నెలలు గడిచినా జాడ లేకపోతే కుటుంబం డీఎన్‌ఏ ఇవ్వడం మంచిది. ఇంటర్‌పోల్ 2021లో ఐ-ఫమీలియా అనే డేటాబేస్ తెచ్చింది. కుటుంబసభ్యుల డీఎన్‌ఏని వేరే దేశాల్లో దొరికిన గుర్తుతెలియని మృతదేహాలతో అది పోల్చి చూస్తుంది. నేరస్తుల డేటాతో దాన్ని కలపరు, మీ అనుమతి లేకుండా వాడరు. తల్లీతండ్రీ ఇద్దరూ ఇస్తే ఫలితం బలంగా ఉంటుంది. వాళ్లు లేకపోతే పిల్లలు, పిల్లల తల్లి లేదా తండ్రి. ఒక్క తోబుట్టువు నమూనా బలహీనం. పెద్దవాళ్ల ఆరోగ్యం బాగాలేకపోతే ఈ పని వాయిదా వేయకండి. నమూనా పోలీసుల ద్వారానే తీయాలి, రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్ లేదా హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ లాంటి చోట పరీక్ష జరుగుతుంది.

ఇక ఫోను. డబ్బా మీద ఐఎంఈఐ నంబరు ఉంటుంది, ఫొటో తీసి ఇవ్వండి. చివరి చాట్లు చెరపకండి, తేదీ, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. అక్కడి టైమా, మన టైమా అన్నది పక్కన రాయండి. సౌదీకీ మనకీ రెండున్నర గంటల తేడా ఉంది, ఆ తేడా రాయకపోతే ఫుటేజీ వేరే గంటలో వెతుకుతారు. పాస్‌వర్డ్ ఊహించి పదేపదే కొట్టకండి, అకౌంట్ లాక్ అవుతుంది. చివరిసారి డబ్బు పంపిన తేదీ, ఏ ఎక్స్చేంజ్ నుంచో ఆ రసీదు కూడా జత చేయండి.

ఫైలు నడిచే దారి

స్టేషన్ నుంచి ఎస్పీ లేదా కమిషనర్, అక్కడి నుంచి రాష్ట్ర ఇంటర్‌పోల్ లైజన్ ఆఫీసర్, అక్కడి నుంచి సీబీఐ, ఆ తర్వాత లియోన్. పూర్వం ఇది ఉత్తరాలు, మెయిళ్ల మీద నడిచేది. 2025 జనవరి 7న ప్రారంభమైన భారత్‌పోల్ పోర్టల్ వచ్చాక రాష్ట్ర పోలీసులు ఆన్‌లైన్లోనే అభ్యర్థన పెడుతున్నారు. కుటుంబాలకు అందులో లాగిన్ ఉండదు. మీరు దర్యాప్తు అధికారిని అడగాల్సింది ఒక్కటే ప్రశ్న: ‘భారత్‌పోల్‌లో అభ్యర్థన ఏ తేదీన వెళ్లింది?’ తేదీ చెప్పగలిగితే ఫైలు కదిలినట్టే. చెప్పలేకపోతే ఇంకా బల్ల మీదే ఉంది, ఎస్పీ ఆఫీసులో కలవండి.

ఫైలు వెనక్కి రావడానికి కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే: ఎఫ్‌ఐఆర్ లేకపోవడం, కనబడకుండా పోయిన పరిస్థితులు రెండు ముక్కల్లో రాయడం, ఫొటో స్పష్టంగా లేకపోవడం, పాస్‌పోర్టు వివరాల్లో తప్పు. ఫిర్యాదు తెలుగులో ఉంటే దాని ఇంగ్లిష్ ప్రతి మీరే శుభ్రంగా చేయించి ఇవ్వండి, అనువాదం కోసం ఫైలు ఆగకుండా ఉంటుంది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో చివరిసారి కనిపించాడో ఒక పేజీలో తేదీల వరసన ఉండాలి.

నోటీస్ పడ్డాక ఇంటర్‌పోల్ వెబ్‌సైట్లో కనిపించకపోతే కంగారు పడకండి. కొన్నిటినే జనానికి చూపిస్తారు, మిగతావి పోలీసులకు మాత్రమే కనిపిస్తాయి. ‘ఇంటర్‌పోల్ ఆఫీసర్ని, మీవాడు మా దగ్గర ఉన్నాడు, ఫీజు కట్టండి’ అని ఎవరైనా ఫోన్ చేస్తే అది మోసం. సోషల్ మీడియాలో పోస్టు పెడితే మీ సొంత నంబరు కాకుండా స్టేషన్ నంబరు, కేసు నంబరు వేయండి.

ఎల్లో నోటీస్ సరిపోని చోట

కంబోడియా, మయన్మార్, లావోస్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం పేరుతో సైబర్ మోసాల డెన్‌లలో ఇరుక్కున్న కుర్రాళ్ల విషయంలో, మనిషి ఎక్కడున్నాడో ఉజ్జాయింపుగా తెలుసు. దొంగచాటుగా లొకేషన్ పంపినవాళ్లూ ఉన్నారు. అక్కడ కావాల్సింది మనుషుల అక్రమ రవాణా కేసు, బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 143వ సెక్షన్ కింద. దాంతోపాటు ఎంబసీకి ఆ లొకేషన్. ఈ ముఠాల గురించి ఇంటర్‌పోల్ 2023 జూన్‌లోనే ఆరెంజ్ నోటీస్‌తో అన్ని దేశాలనూ హెచ్చరించింది. అతని నంబరుకి ఎడాపెడా ఫోన్లు చేయకండి, ఫోను దాచుకున్నాడని ముఠాకి తెలుస్తుంది.

తల్లో తండ్రో బిడ్డని తీసుకుని వేరే దేశం వెళ్లిపోతే ఎల్లో నోటీస్ వేయించొచ్చు. అది బిడ్డ ఎక్కడుందో చెబుతుంది, ఎవరి దగ్గర ఉండాలో తేల్చదు. పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు కాబట్టి, ఇండియాకి తెచ్చిన బిడ్డ కోసం ఇక్కడి కోర్టుకే వెళ్లాలి.

పెద్దవాళ్ల విషయంలో ఒక కఠినమైన నిజం ఉంది. మేజరైన మనిషి క్షేమంగా దొరికి, ‘నా అడ్రస్ ఇంట్లో చెప్పొద్దు’ అంటే చాలా దేశాల పోలీసులు చెప్పరు. ‘ప్రాణాలతో ఉన్నారు’ అన్న ఒక్క మాటే మీకు వస్తుంది. ఒక ఉత్తరం అందజేయమని పోలీసుల్ని కోరొచ్చు, చాలాసార్లు ఒప్పుకుంటారు. అందులో నిందలు లేకుండా రాయండి.

దొరికాక

మనిషి దొరికిన రోజే స్టేషన్‌కి రాసి ఇవ్వండి, నోటీస్ రద్దు చేయమని సీబీఐకి అభ్యర్థన వెళ్లేలా చూడండి. ఇది మరిచిపోయే కుటుంబాలే ఎక్కువ. నోటీస్ అలాగే ఉంటే తర్వాతి ప్రయాణంలో ఎయిర్‌పోర్టులో ఆపి గంటలకొద్దీ ప్రశ్నలు అడుగుతారు. అక్కడి పోలీసుల కేసు, మదద్ ఫిర్యాదు, నామస్ నమోదు కూడా విడివిడిగా మూయించాలి, ఒకటి మూస్తే మిగతావి వాటంతటవి మూసుకోవు. కేసు మూసినట్టు పోలీసులు ఇచ్చిన కాగితం ఇంగ్లిష్ ప్రతితో కలిపి రెండు కాపీలు తీసి, ఒకటి ఇంట్లో, ఒకటి అతని పాస్‌పోర్టు కవర్లో పెట్టండి.